బర్రెల ఇంట్లో సముద్రపు చేప

మా అన్నయ్య మూడేళ్ల తరవాత మా గడప తొక్కింది నన్ను చూడటానికి కాదు, ఒక చేపను అప్పజెప్పి పోవడానికి. ఈ మాట నేను ఇప్పటికి ఎంతమందికి చెప్పానో నాకే తెలియదు. విన్నవాళ్లు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఆ రోజు మాత్రం ఒళ్లు మండిపోయింది.

డెబ్బైల నాటి సంగతి. కొండాపూర్ అప్పుడు మామూలు ఊరు. ఇప్పుడు మా ఇల్లున్న చోట అద్దాల మేడ లేచింది, మెడలో కార్డు లేనిదే గేటు దాటనివ్వరు. అప్పుడు అక్కడ బర్రెల కొట్టం, దాన్ని ఆనుకుని మూడు గదుల పెంకుటిల్లు, ముందు అరుగు, వెనక చేదబావి. చుట్టూ బండరాళ్లు, సీతాఫలం పొదలు. సిటీకి వెళ్లాలంటే రోడ్డు దాకా నడిచి బస్సు కోసం నిలబడాలి. వచ్చినప్పుడే బస్సు.

మా ఆయనా నేనూ సిటీలో ఒకే గవర్నమెంటు ఆఫీసులో గుమస్తాలం. ఆయనది కొండాపూరే. మాది విశాఖపట్నం అవతల సముద్రం ఒడ్డు ఊరు. అటువాళ్లకూ ఇటువాళ్లకూ మాటా మాటా పెరుగుతున్న రోజులవి. మధ్యాహ్నం క్యారియర్లు విప్పుకునే దగ్గర కూడా రెండు గుంపులుగా కూర్చునేవాళ్లు. అలాంటప్పుడు మేమిద్దరం రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి పెళ్లి చేసుకున్నాం. నాకు అమ్మా నాన్నా లేరు. ఎనిమిదో ఏటినుంచి నన్ను పెంచిందీ, చదివించిందీ, బడికి వెళ్లే ముందు జడ వేసిందీ కూడా అన్నయ్యే. పెళ్లికి ముందురోజు వచ్చి, మా ఆఫీసు మెట్ల మీద, ఆయనకు వినపడేలా ఒక మాట అన్నాడు. "చివరికి పాలల్లో నీళ్లు కలిపి అమ్ముకునేవాళ్ల ఇంటికి పోతున్నావన్నమాట" అని. అని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. మర్నాడు పెళ్లికి రాలేదు. ఆ తరవాత మూడేళ్లపాటు ఒక్క ముక్క రాయలేదు. నేను రాసినవాటికి జవాబు లేదు.

ఆయన ఆ మాట మర్చిపోలేదు. మర్చిపోయేలాంటి మాటా కాదు. మా అత్తయ్య పాలు పితికే బకెట్టును కడిగి బోర్లించి, ఎండలో ఆరాక కూడా లోపల పొడిగుడ్డ పెట్టి తుడిచేవారు. చుక్క తడి ఉన్నా పొదుగు కిందకు పోనిచ్చేవారు కాదు. ఒకసారి నానక్‌రామ్‌గూడ వైపు హోటలాయన పాలు పలచగా ఉన్నాయన్నాడని, ఆవిడ మర్నాడే సిటీకి పోయి సొంతానికి ఒక లాక్టోమీటరు కొనుక్కొచ్చారు. పాలలో ముంచితే చిక్కదనం చెప్పే గాజుగొట్టం. అది పైకి తేలితే చిక్కన, మునిగితే పలచన. హోటలాయన ముందే ముంచి, పాల గీత దగ్గర నిలబడ్డదాన్ని చూపించి, అతనికి పాలు పోయడం మానేశారు. అంత పట్టింపు.

అన్నయ్యకు దక్షిణాన, తమిళ తీరంలో, సముద్ర జీవుల పరిశోధనా కేంద్రంలో ఉద్యోగం. ఆ ఏడు నాంపల్లి ఎగ్జిబిషన్‌లో వాళ్లు ఒక స్టాలు పెట్టారట. ఆ నెలన్నరా అన్నయ్య సిటీలోనే ఉన్నాడు, మా ఆఫీసుకు అరగంట నడక దూరంలో. నాకు ఆ సంగతే తెలియదు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున మా అరుగు ముందు టెంపో ఆగింది. అందులోంచి ఇనుప చట్రం బిగించిన రెండడుగుల అద్దాల తొట్టి దిగింది, సముద్రపు నీళ్లు నింపిన ఆరు పెద్ద ప్లాస్టిక్ క్యాన్లు దిగాయి, ఒడిలో బకెట్టు పెట్టుకుని అన్నయ్య దిగాడు.

"ఎగ్జిబిషన్ అయిపోయింది" అన్నాడు నాతో, నిన్నో మొన్నో కలిసినట్టు. "చేపలన్నీ పోయాయి. ఇదొక్కటీ మిగిలింది. మళ్లీ రెండు రోజులు రైల్లో తిప్పితే బతకదు. ఉంచుకుంటావా?"

నేను నోరు తెరిచేలోగా ఆయన అరుగు మీద నుంచి అన్నారు, "ఉంచుకుంటం." అడిగింది నన్ను, జవాబు ఆయనది. అన్నయ్య ఆయనవైపు తలతిప్పలేదు.

బకెట్టులోకి ముందు తొంగిచూసింది అత్తయ్య. అరచేయంత కూడా లేని నల్లటి చేప, ఒక మూలకు ఒదిగి ఉంది.

"గిదేందయ్యా, గింతే ఉన్నది! గింత దానికి గంత కొట్టమా?"

"ఇది ఇంతకన్నా పెరగదండీ. జాతే పొట్టిది. ఇంగ్లీషులో డ్వార్ఫ్ ఏంజెల్ అంటారు, పొట్టి దేవదూత అని."

"దేవుని తాన్నుంచి వచ్చిందా? మరి నల్లగ జేసి పంపిండేంది?" అన్నారు అత్తయ్య. అన్నయ్యకు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. ఒక్కటే ఎందుకు, జోడీ లేదా అని ఆవిడ అడిగితే, ఇంత చిన్న తొట్టిలో ఈ జాతివి రెండుంటే ఒకదాన్నొకటి బతకనివ్వవని చెప్పాడు. అరుగు మీద ఆ చివర ఒకరూ ఈ చివర ఒకరూ కూర్చున్న మగవాళ్లిద్దర్నీ చూసి నాకూ నవ్వొచ్చింది. నేనూ ఆపుకున్నాను.

తొట్టిని తూర్పు కిటికీ దగ్గర పెట్టించి, నీళ్లు నింపి, గాలి మోటారు తగిలించి, బెజ్జాలున్న పెద్ద రాయి ఒకటి లోపల పెట్టి, అత్తయ్య బలవంతం మీద సగం గ్లాసు మజ్జిగ నిలబడే తాగి వెళ్లిపోయాడు. వెళుతూ నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. గవర్నమెంటు కాగితం, రెండు వైపులా సన్నటి అక్షరాలు. ఏం తినిపించాలి, ఎంత ఎండ తగలాలి, కరెంటు పోతే ఏం చెయ్యాలి, అన్నీ ఉన్నాయి. మూడేళ్లలో నాకు ఒక్క వాక్యం రాయనివాడు చేపకోసం రెండు పేజీలు రాశాడు. నేను ఆ కాగితాన్ని పొయ్యిలో పెడదామనుకున్నాను. పెట్టలేదు, కిటికీ పక్కన మేకుకు గుచ్చాను.

పదిహేను రోజులకు కార్డు వచ్చింది. "చేప ఎలా ఉంది? తింటోందా? రంగు తగ్గలేదు కదా? వెంటనే రాయి." అంతే. పైన నా పేరు ఉంది కాబట్టి నాకే అనుకోవాలి. నేను ఎలా ఉన్నానన్న ఊసు లేదు. కోపంతో రెండు రోజులు పక్కన పడేసి, మూడోరోజు జవాబు రాశాను. మళ్లీ పదిహేను రోజులకు ఇంకో కార్డు. మళ్లీ చేప.

ఉన్నదున్నట్టు చెబుతాను. ఆ చేపను చూస్తే నాకు అసూయగా ఉండేది. అయినా ఆ కార్డుకోసం వాకిట్లో నిలబడి పోస్టుమాన్ సైకిలు కోసం చూసేదాన్ని. ఆ అక్షరాలు నాకు అ ఆలు దిద్దించిన చేతివి. ఈ చేప బతికున్నంతకాలమే ఈ కార్డులు వస్తాయని నాకు గట్టిగా తెలుసు. అది పోయిన మర్నాటినుంచి అన్నయ్యకు నాతో పనిలేదు. అందుకే నా గొలుసు పోయినా అంత వెతకనేమోగాని, ఆ చేప రాయి వెనక్కి పోయి కాసేపు కనపడకపోతే చేతిలో పని వదిలేసి తొట్టి చుట్టూ తిరిగేదాన్ని.

చూడగా చూడగా దాని అందం తెలిసొచ్చింది. దూరం నుంచి నల్లటిదే. పొద్దున ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పడ్డప్పుడు రెక్కల అంచుల్లో నీలం మెరిసేది, మంచి పట్టుచీర అంచులాగా. రాతి బెజ్జంలోంచి బయటికి రావడం, అటూ ఇటూ చూడటం, రాయి మీద పాచిని రెండుసార్లు గీకడం, మళ్లీ లోపలికి. రోజంతా అదే పని. పాచి దాని తిండి. అందుకని ఇంకో చిన్న రాయిని గాజుసీసాలో వేసి, ఉప్పునీళ్లు పోసి గోడమీద ఎండలో పెట్టేవాళ్లం, పచ్చగా పాచి పట్టాక దాన్ని తొట్టిలో పెట్టి, అంతకుముందు పెట్టిన చిన్నరాయిని బయటికి తీసేవాళ్లం. "మా బర్లకు గడ్డి దొరుకుతలేదుగని, దీనికి రాయి మీద మేత పెంచుతున్నరు" అని అత్తయ్య సణిగేవారు. సణుగుతూనే గంగవాయిల కూర ఆకులు ఉడికించి, సన్నగా తరిగి దానికి వేసేవారు. మేం ఆఫీసులో ఉన్నంతసేపూ దాన్ని కనిపెట్టుకుని ఉండేది ఆవిడే.

ఆయనకూ పట్టుదల వచ్చింది. బండల మధ్య సముద్రాన్ని నిలబెట్టి చూపిస్తానని. మోటారుకు కరెంటు పోతే ఉంటుందని ఒక సైకిలు ట్యూబులో నిండా గాలి కొట్టి, దాని మూతికి సన్నగొట్టం బిగించి, నీళ్లలోకి బుడగలు వచ్చేలా ఏర్పాటు చేశారు. చట్రం తుప్పు పట్టకుండా తారు పూశారు. ఇదంతా బాగానే ఉంది. గొడవ ఏప్రిల్‌లో వచ్చింది.

ఎండలు ముదిరేసరికి తొట్టిలో నీళ్లు రోజుకో చెంబెడు తగ్గేవి. తగ్గినంత మేరకు బావినీళ్లు పొయ్యాలని అన్నయ్య కాగితంలో ఉంది. నేను రోజూ పొద్దున్నే అలాగే పోసేదాన్ని. ఒకరోజు ఆయన చూశారు.

"ఏం పోస్తున్నవ్?"

"బావినీళ్లు."

"సముద్రంల బావినీళ్లా? ఎవరు జెప్పిండ్రు?"

"అన్నయ్య రాశాడు" అన్నాను.

ఆయన మేకు నుంచి కాగితం తీసి, ఆ వాక్యం దగ్గర ఆగి, రెండుసార్లు చదివారు. మొహం మారిపోయింది. "మీ అన్నకు మనం అంటె ఇంకేం యాదికొస్తది? మన చేతికి ఏదిచ్చినా నీళ్లు కలపాలె, గంతేగద."

"అది చేపకోసం రాశాడండీ, మీకోసం కాదు."

"ఎవరి కోసం రాసిండో నాకు ఎరుక. ఈ ఇంట్ల దేంట్లనూ నీళ్లు కలపరు. ఆయన చేపకు సముద్రం కావాలె గద, సముద్రమే పోద్దాం. అసలుదే పోద్దాం."

నేను నాలుగు మాటలన్నాను. ఆయన ఆరన్నారు. ఆఫీసు మెట్ల మీది మాట మూడేళ్ల తరవాత మా వంటింట్లోకి వచ్చి కూర్చుంది. చివరికి "మీ ఇష్టం, మీ సముద్రం" అని చెంబు అక్కడ పెట్టేసి వచ్చేశాను. ఆయన ఒక క్యాను మూత తీసి, తగ్గినంత మేరా ఉప్పునీళ్లు పోశారు. మర్నాడూ అంతే. తప్పంతా ఆయనమీద తోసెయ్యను. సముద్రపు చేపకు సముద్రపు నీళ్లే మంచివేమోనని నాకూ లోపల అనిపించింది. కాగితంలో ఆ మాట అన్నయ్య ఎందుకు రాశాడో ఇద్దరం ఆలోచించలేదు. ఆయనకు కోపం, నాకు పంతం.

ఇరవై రోజులు గడిచాయి. తొట్టి అంచుల చుట్టూ తెల్లటి ఉప్పు పేరుకుంది. చేప బయటికి రావడం తగ్గించింది. పాచిరాయి కొత్తది పెట్టినా తలెత్తి చూడలేదు. బెజ్జంలో కూర్చుని మొప్పలు గబగబా కొట్టుకునేది. రెక్కలు ఒంటికి ముడుచుకుపోయాయి, నీలం కనిపించడం మానేసింది. ఈలోగా కార్డు వచ్చింది, "చేప ఎలా ఉంది?" అని. "కొంచెం నలతగా ఉంది" అని రాసి చించేశాను. ఇంకోటి రాసి అదీ చించేశాను. వంటింట్లో కూర్చుని ఏడ్చాను. చేపకోసం కాదు.

ఆ ఆదివారం ఏమీ తోచక తొట్టిలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను. సముద్రం పక్కన పుట్టినదాన్ని. చిన్నప్పుడు అల వచ్చి మొహాన కొడితే ఎన్నిసార్లు మింగానో. ఇది ఆ ఉప్పు కాదు. చేదుగా, గొంతు పట్టేసేలా ఉంది. క్యాను మూత తీసి అదీ రుచి చూశాను. అది నాకు తెలిసిన సముద్రమే. తొట్టిలోది మరేదో.

ఆయనతో చెప్పాను. "నాలుక మీద లెక్కేంది?" అన్నారు. కానీ ఆయన గొంతులో కూడా మునుపటి బింకం లేదు.

బయట బర్రెకు తవుడు కలుపుతున్న అత్తయ్య చేతులు కడుక్కుని లోపలికి వచ్చారు. "ఆగుర్రి. నాలుక జెప్పింది నమ్మకుంటె గొట్టం జెప్తది" అని గూట్లోంచి లాక్టోమీటరు తీశారు.

ముందు క్యానులో నీళ్లు పొడుగాటి గాజుగ్లాసులో పోసి ముంచారు. గొట్టం పాల గీత దాటి కొంచెం కిందికి మునిగి, ఆడి ఆడి నిలబడింది. అత్తయ్య వంగి చూసి బుగ్గన చెయ్యి వేసుకున్నారు. "ఓయమ్మో! మీ సముద్రంల ఎవరో నీళ్లు కలిపిండ్రు బిడ్డా!"

ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. అన్ని రోజుల తరవాత ఇంట్లో నవ్వు వినిపించింది.

తరవాత గొట్టాన్ని తొట్టిలో వదిలారు. అది మునగనే లేదు. పాల గీత నీటికి పైన వేలెడు ఎత్తున నిలబడింది.

"గిసుంటి పాలు ఏ బర్రీ ఇయ్యదు" అన్నారు అత్తయ్య నెమ్మదిగా. "కోవ జేసేటప్పుడు ఏమైతది? మరుగుతాంటె నీళ్లు పోతయ్, పాలు చిక్కనైతయ్. గిది గట్లనే అయింది. ఎండకు నీళ్లు పోయినయ్, ఉప్పు యాడికి పోతది? పోనిదాని మీద నువ్వు మళ్ల ఉప్పే పోసినవ్ కొడుకా. కోవల కూసున్నది అది పాపం."

ఆయన స్టూలు మీద కూలబడ్డారు. "గని అమ్మా, నీళ్లు కలుపుడంటె..." అని ఆగిపోయారు.

"సముద్రంల వాన పడ్తలేదా? దేవుడు కలిపితె లేని తప్పు మనం కలిపితె వస్తదా?"

ఆవిడే బావి దగ్గరికి వెళ్లి నీళ్లు తోడుకొచ్చారు. చెంబు తొట్టి మీదికి ఎత్తాక ఒక్క క్షణం చెయ్యి ఆగింది. "నలభై ఏండ్లల్ల ఈ చేత్తోని దేంట్లనూ చుక్క నీళ్లు పొయ్యలే" అన్నారు. అని, పోశారు.

ఒకేసారి మార్చకూడదని కాగితంలో ఉంది. రోజుకు రెండు చెంబుల తొట్టినీళ్లు తీసి రెండు చెంబుల బావినీళ్లు పోస్తూ, పొద్దునా సాయంత్రం గొట్టం ముంచి చూస్తూ, పది పన్నెండు రోజులకు క్యానులో నీళ్ల దగ్గరికి తెచ్చాం. ఆ గొట్టాన్ని మళ్లీ పాలకు వాడటానికి అత్తయ్య ఒప్పుకోలేదు. పాలకు ఇంకోటి కొనుక్కున్నారు. పదమూడో రోజో పద్నాలుగో రోజో, నేను ఆఫీసుకు తయారవుతూ జడలో రిబ్బను ముడి వేసుకుంటుంటే, అది బెజ్జంలోంచి బయటికి వచ్చి రాయిని ఒక్కసారి గీకింది. అలాగే నిలబడిపోయాను. మళ్లీ గీకింది. ఆ రోజు బస్సు పోయింది. అన్నయ్యకు "చేప బాగుంది, ఎండలకు కాస్త నీరసపడి కోలుకుంది" అని కార్డు రాశాను. ఎందుకు నీరసపడిందో రాయలేదు. ఆయన్ని అన్నయ్య ముందు పలచన చెయ్యడం నాకిష్టం లేదు.

వానాకాలం దాకా అది హాయిగా బతికింది. శ్రావణంలో ముసురు పట్టి రెండు రోజులు కరెంటు పోయింది. వంతులవారీగా సైకిలు ట్యూబులో గాలి కొట్టాం. ఆయన ఆఫీసుకు సెలవు పెట్టి మరీ కొట్టారు. మూడోరోజు కరెంటు వచ్చింది, మోటారు మళ్లీ ఆడింది, అంతా సర్దుకుందనుకున్నాం. నాలుగోరోజు పొద్దున చూస్తే చేప తొట్టి అడుగున ఇసుక మీద పక్కకు ఒరిగి ఉంది. ఎందుకు పోయిందో ఇప్పటికీ తెలియదు. గొట్టం ముంచి చూశాం, ఉప్పు సరిగ్గానే ఉంది.

అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన దాన్ని బాదం ఆకులో పెట్టి, బీరపందిరి కింద గొయ్యి తీసి పూడ్చారు. అప్పటికి రెండు రోజుల కిందట వచ్చిన కార్డు ఇంకా కిటికీలోనే ఉంది, "చేప ఎలా ఉంది?" అని.

"రాయాలె గద మీ అన్నకు" అన్నారు.

"రాయను."

"ఎట్ల రాయవ్?"

"రాస్తే ఇంక కార్డులు రావు" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అనేశాక ఏడుపు ఆగలేదు. ఆయన చేతి మట్టి కడుక్కోవడానికి బావి దగ్గరికి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రమే జవాబు రాశాను, చేప బాగుందని. ఒకసారి మొదలుపెట్టాక అబద్ధాలు బాగానే వచ్చాయి. పాలకూర తింటోందని రాశాను. దసరాకు కొంచెం పెరిగిందని రాశాను. దీపావళికి టపాకాయల చప్పుడుకు రాయి వెనక దాక్కుందని రాశాను. అన్నయ్య అన్నీ నమ్మినట్టే రాసేవాడు. పైగా కార్డులు తొందర తొందరగా రావడం మొదలయ్యాయి, పదిహేను రోజులది వారానికొకటి అయింది. పాలకూర ఎక్కువ పెట్టకు అని రాశాడు. చలికాలం కిటికీ మూసి ఉంచు, అక్కడ చలి ఎక్కువ, జాగ్రత్త అని రాశాడు. అది చదివి, చేపమీద ఎంత ప్రేమో అని పళ్లు కొరుక్కున్నాను.

జనవరిలో వచ్చిన కార్డు చూసి నా పైప్రాణాలు పైనే పోయాయి. మళ్లీ ఎగ్జిబిషన్‌కు వస్తున్నాడట, వచ్చే ఆదివారం ఇంటికి వస్తాడట. ఆ వారమంతా నాకు తిండి సయించలేదు. సిటీలో చేపలమ్మే దుకాణానికి కూడా వెళ్లాను. అక్కడున్నవన్నీ మంచినీటి చేపలు. నల్లటిదొకటి కొని ఉప్పునీళ్లలో వేస్తే గంటసేపు అయినా ఉంటుందేమోనని ఒక్క క్షణం ఆలోచించాను. నా మీద నాకే అసహ్యం వేసి వచ్చేశాను. శనివారం తొట్టి అద్దాలు తోమాను. ఏమీలేని తొట్టిని అంత శుభ్రంగా తోమి ఏం ప్రయోజనమో నాకే తెలియదు. ఆయనేమో పేపరు చదువుకుంటూ, "ఏంటికి పరేషాన్ అయితున్నవ్? రానీ" అన్నారు. ఆ పేపరు లాగి విసిరేద్దామన్నంత కోపం వచ్చింది.

ఆదివారం అన్నయ్య వచ్చాడు. చేతిలో తాటిబెల్లం బుట్ట. అరుగెక్కుతూనే "బావా" అని పిలిచాడు. అంతకుముందెన్నడూ ఆ నోట ఆ పిలుపు నేను వినలేదు. ఆయన లేచి ఎదురెళ్లి బుట్ట అందుకున్నారు. ఇద్దరూ బస్సుల గురించి మాట్లాడుకుంటూ లోపలికి వచ్చి పీటలమీద కూర్చున్నారు. అన్నయ్య కిటికీ వైపు చూడలేదు. ఒకసారి చూసి ఉంటే అయిపోయేది. చూడకపోయేసరికి ఇంక దాచలేకపోయాను. పప్పు వడ్డిస్తున్నదాన్ని గరిటె గిన్నెలో పడేసి చెప్పేశాను.

"అన్నయ్యా, చేప లేదు."

"తెలుసు" అన్నాడు, అన్నం కలుపుతూ.

"ఎప్పుడు తెలుసు?"

"శ్రావణంలోనే. బావ రాశారు."

నేను ఆయనవైపు చూశాను. ఆయన కంచంలోకి చూస్తున్నారు.

"ఎండాకాలంలో నేను రాసినట్టు నీళ్లు పొయ్యలేదట, తన పంతం వల్లే చేపకు బలం తగ్గిందట, నీ తప్పేమీ లేదట" అన్నాడు అన్నయ్య. "నాకు చెప్పడానికి నీకు మనసు రావట్లేదని రాశారు. కార్డులు ఆగిపోతాయని భయపడుతోంది, ఆపకండి అని రాశారు."

నాకు ముందు వచ్చింది కోపమే. "ఇద్దరికిద్దరూ తెలిసి ఊరుకున్నారా? ఐదు నెలలు చచ్చిపోయిన చేపకు పాలకూర పెట్టాను నేను!" అని అరిచాను. అత్తయ్య నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయారు.

"మరి తెలిసీ ప్రతి కార్డులో చేప ఎలా ఉందని ఎందుకు అడిగావు?" అన్నాను అన్నయ్యతో.

అన్నయ్య కంచం అంచుకు అంటిన మెతుకులను వేలితో లోపలికి తోశాడు.

"మూడేళ్లు నీకు జవాబివ్వనివాణ్ని" అన్నాడు. "నువ్వెలా ఉన్నావని అడగడానికి మొహం చెల్లలేదు."

"ఇప్పుడు అడుగు."

తలెత్తి నన్ను చూశాడు. "ఎలా ఉన్నావమ్మా?" అన్నాడు.

బాగానే ఉన్నానని చెప్పాలి. నిజంగా బాగానే ఉన్నాను కూడా. ఆ ఒక్క ముక్క పైకి అనడానికి, అత్తయ్య తిరిగొచ్చి ఇద్దరికీ మారు అన్నం వడ్డించేదాకా పట్టింది.